14 మంది కలిసి కుట్టిన బొంతను మ్యూజియంకి ఇస్తున్నాం: కాగితాలు, ప్యాకింగ్, వేలాడదీసే పద్ధతి చెప్పగలరా?

బరంపురం_బొంత:

అందరికీ నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు ఆడవాళ్ళం 14 మందిమి కలిసి ఒక బొంత కుట్టాం. కప్పుకునేది కాదు, గోడకి వేలాడదీసేది. భువనేశ్వర్‌లో జానపద, గిరిజన కళలు పెట్టే ఒక మ్యూజియంకి ఉచితంగా ఇచ్చేద్దామని అందరి మాటా ఒకటే. వాళ్ళు "వివరాలు రాసి పంపండి, కమిటీలో పెడతాం" అన్నారు.

కొలత 6 అడుగులు × 9 అడుగులు. మధ్యలో 15 అంగుళాల చదరాలు 24, అడ్డంగా 4, నిలువుగా 6. పక్కల 6 అంగుళాలు, పైనా కిందా 9 అంగుళాల అంచు. బరువు 6 కేజీలకు కొంచెం అటూఇటూ. చదరాల్లో 10 పిప్లి ఊరి రకం అప్లిక్ (రంగు గుడ్డ ముక్కలు పైన వేసి కుట్టేది), 6 సవర గిరిజనుల గోడబొమ్మల తరహా బొమ్మలతో దారపు పని, 4 కోట్‌పాడ్ గుడ్డ (కొరాపుట్ వైపు సహజ రంగుల నేత), 2 బరంపురం పట్టు (జరీ అంచుతో), 2 కపడాగండా (డొంగ్రియా గిరిజనుల ఎంబ్రాయిడరీ). ఈ చివరి రెండూ నియమగిరి వైపు డొంగ్రియా ఆడవాళ్ళు ఇద్దరు కుట్టి ఇచ్చారు, వాళ్ళకి డబ్బు ఇచ్చాం. ఆ ఇద్దరూ 14 మందిలోనే లెక్క. అంచుల్లో గవ్వలు, అద్దాలు ఉన్నాయి. కొన్ని అద్దాలు గమ్‌తో అంటించినవి. లోపల దూది, వెనక పొందూరు ఖద్దరు.

అడగాల్సినవి ఇవి. ఇచ్చేముందు ఒకసారి ఉతకాలా? కలరా ఉండలు వేసి ఉంచితే సరిపోతుందా? అందరి సంతకాలూ కావాలా, ఒక్కరు పెడితే చాలా? ఎప్పటికీ ప్రదర్శనలోనే ఉంచాలని షరతు రాయించుకోవచ్చా? రేపు మ్యూజియం వాళ్ళు క్యాలెండరు మీదో సంచీ మీదో ఈ బొమ్మలు అచ్చేసి అమ్మితే మాకేమైనా హక్కు ఉంటుందా?


వస్త్రభద్రం:

ఉతికే ఆలోచన పూర్తిగా మానేయండి. మీ బొంతలో ఎన్ని రకాల గుడ్డ ఉందో మీరే రాశారు. తడిస్తే ఒక్కోటి ఒక్కోలా కుంచించుకుంటుంది, ఆరాక చదరాల మధ్య అతుకులు ముడతలు పడి ఇక సాపు కావు. అప్లిక్‌కి వాడే బజారు ఎరుపు, నలుపు గుడ్డల్లో రంగు వదిలేవి చాలా ఎక్కువ. అనుమానం ఉంటే తెల్ల దూది తడిపి గట్టిగా పిండి, ఎరుపు మీద కనబడని మూల అర నిమిషం అదిమి చూడండి. దూదికి ఏమాత్రం రంగు అంటినా ఆ సంగతి కాగితంలో రాసి పెట్టండి. మ్యూజియంలో ఆ పని చూసేవాళ్ళకి అది చాలా విలువైన సమాచారం.

శుభ్రం చేయడమంటే దుమ్ము తీయడమే. వాక్యూమ్ క్లీనర్‌ని బాగా తక్కువ మీద పెట్టి, గొట్టం మూతికి దోమతెర గుడ్డ కట్టి, ముందువైపు, వెనకవైపు నెమ్మదిగా లాగండి. గవ్వలూ అద్దాలూ ఉన్నచోట గొట్టం పెట్టకండి, మెత్తటి పెయింటు బ్రష్షుతో దుమ్మును గొట్టం వైపు తోయండి.

కలరా ఉండలు వద్దు. మూసిన పెట్టెలో ఆ ఆవిరి మళ్ళీ గుడ్డ మీదే పలుకుల్లా పేరుకుంటుంది, వాసన ఏళ్ళ తరబడి వదలదు, తెరిచేవాళ్ళ ఊపిరికీ మంచిది కాదు. వేపాకు కూడా నేరుగా మడతల్లో పెట్టకండి. ఎండి నలిగి మరకలు చేస్తుంది, ఆ నలుసులే పురుగులకి మేత. మీకు రెండు రకాల పురుగులతో పని. పట్టుకీ ఉన్నికీ చిమ్మట, కార్పెట్ బీటిల్ పడతాయి. గంజి ఉన్న నూలుకి సిల్వర్‌ఫిష్ పడుతుంది. లోపలి దూదిని ఊళ్ళో ఏకించి ఉంటే గింజ తునకలు మిగిలి ఉండొచ్చు. వాటిలో నూనె ఉంటుంది, కొన్నాళ్ళకి పైకి గోధుమరంగు చుక్కలుగా తేలుతుంది. బొంతను కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తే నల్ల చుక్కల్లా కనబడతాయి.

పురుగులకి మ్యూజియంలు చేసే పని గడ్డకట్టించడం. బొంతను ఉతికిన తెల్ల నూలు గుడ్డలో వదులుగా చుట్టి, మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి వీలైనంత నొక్కి తీసి, టేపుతో పూర్తిగా మూయాలి. మైనస్ 20 డిగ్రీలకి దిగే పెద్ద ఫ్రీజర్లో ఒక వారం ఉంచాలి. మైనస్ 18 దగ్గరే ఆగే ఫ్రీజరైతే రెండు వారాలు. బయటికి తీశాక కనీసం 24 గంటలు సంచి విప్పకూడదు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. చల్లటి గుడ్డ మీద బరంపురం గాలి తగిలిందంటే నీళ్ళు కారేలా చెమ్మ పడుతుంది, రంగులన్నీ అప్పుడే కారతాయి. సంచి మూసి ఉంటే ఆ చెమ్మ ప్లాస్టిక్ బయట పడుతుంది, లోపల పడదు. మరో మాట, చేపలు పెట్టే ఫ్రీజర్ అద్దెకి తీసుకోకండి. గోపాల్‌పూర్ వైపు అది చౌకగా దొరుకుతుంది కదా అని అనిపిస్తుంది. మ్యూజియంలోనే ఆ ఫ్రీజర్ ఉంటే మీరు చేయనక్కర్లేదు, ముందుగా అడగండి.

గమ్‌తో అంటించిన అద్దాలు పీకకండి. గమ్ ఎండి పెళుసై, చుట్టుపక్కల గుడ్డ పసుపు తిరుగుతుంది, కొన్నేళ్ళకి అద్దం దానంతటదే ఊడుతుంది. ఇప్పుడే ఒక్కో అద్దం చుట్టూ సన్నని నూలు దారంతో కాజా కుట్టు తిప్పి కట్టేయండి. గమ్ వదిలేసినా అద్దం కింద పడదు. ఏయే అద్దాలకి గమ్ ఉందో, ఏ రకం గమ్మో కాగితంలో రాయండి.


కాగితాల_మాస్టారు:

అమ్మా, కాగితాల సంగతి నేను చెప్తాను. రెండు విషయాలు వేరువేరుగా పెట్టుకోండి. బొంత అనే వస్తువు ఎవరిది, ఆ కళ మీద హక్కు ఎవరిది. మ్యూజియంకి వస్తువు ఇచ్చినంత మాత్రాన రెండోది వెళ్ళిపోదు.

వస్తువు సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 122వ సెక్షన్ ప్రకారం దానం అంటే ప్రతిఫలం లేకుండా, ఇష్టపూర్వకంగా ఇవ్వడం, అవతలివాళ్ళు స్వీకరించడం. ఆ స్వీకారం దాత బతికుండగా, ఇచ్చే స్థితిలో ఉండగా జరగాలి. 123వ సెక్షన్ ప్రకారం కదిలే వస్తువుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, వస్తువు చేతికి అప్పగించినా దానం చెల్లుతుంది. అయినా దానపత్రం రాయించుకోండి, మ్యూజియం లేకుండా ఒప్పుకోదు కూడా. ఎంత విలువ స్టాంపు మీద రాయాలో మీ ఊరి డాక్యుమెంట్ రైటరు చెప్తారు.

సంతకాలు 14 మందివీ కావాలి. ఒక్కరే వెళ్ళి ఇవ్వాలంటే, మిగతా 13 మంది ఆవిడకి అధికారం ఇస్తూ ఒక కాగితం మీద సంతకాలు, వేలిముద్రలు పెట్టాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. వేలిముద్ర వేసేవాళ్ళకి కాగితంలో ఏముందో వాళ్ళ భాషలో చదివి వినిపించామని ఆ కాగితంలోనే రాయాలి. డొంగ్రియా ఆడవాళ్ళకైతే వాళ్ళ భాష కువిలో చెప్పే మనిషి సాక్షిగా ఉంటే మంచిది. వాళ్ళకిచ్చిన డబ్బుకి రసీదు ఉందా? లేకపోతే ఇప్పుడైనా రాయించండి. ఆ రెండు చదరాలూ మీ బృందానివేనని చూపించే ఆధారం అదొక్కటే.

14 మందిలో బాగా పెద్దవాళ్ళున్నారా? ఉంటే కమిటీ తేదీ కోసం చూస్తూ కూర్చోకుండా ఆవిడ సంతకం ముందే తీసుకుని, మ్యూజియం స్వీకారం కూడా తొందరగా అయ్యేలా చూడండి. స్వీకారం కాకముందే ఆవిడ పోతే ఆవిడ వాటా వారసులకి వెళ్తుంది. అప్పుడు కొడుకులు, కూతుళ్ళు అందరూ సంతకం పెట్టాలి. 14 కాస్తా 20 అవుతుంది.

ఇక కళ మీద హక్కు. 1957 కాపీరైట్ చట్టంలో ఉమ్మడి రచన అంటే ఒకరి పని ఇంకొకరి పని నుంచి వేరు చేసి చూపలేనిది. మీ అంచు, మొత్తం అమరిక అలాంటివి. కానీ 15 అంగుళాల చదరం ఒక్కొక్కరు కుట్టింది కదా, అది విడిగా కనబడుతూనే ఉంది. కాబట్టి క్యాలెండరు మీద మొత్తం బొంత వేస్తే అందరి అనుమతీ కావాలి, ఒక్క చదరమే వేస్తే అది కుట్టినావిడ అనుమతి కావాలి. రిజిస్టర్ చేయించకపోయినా ఈ హక్కు ఉంటుంది. హక్కు గడువు రచయిత పోయాక 60 ఏళ్ళు, ఉమ్మడి పనికి చివరగా పోయినవాళ్ళ నుంచి లెక్క.

మ్యూజియం ఇచ్చే అచ్చు నమూనాలో "సర్వహక్కులూ బదలాయించడమైనది" అని ఒక లైను ఉండొచ్చు. అది కొట్టేయమని అడగడం తప్పేమీ కాదు. దాని బదులు ఇలా రాయించండి: ప్రదర్శన, పరిశోధన, మ్యూజియం సొంత ప్రచురణలు, వెబ్‌సైటు, వీటికి ఫొటోలు వాడుకోవచ్చు, అమ్మే వస్తువుల మీద అచ్చేయాలంటే విడిగా రాతపూర్వక అనుమతి, అందులో వాటా. ఎంతకాలం, ఏ దేశాల్లో అనేది తప్పకుండా రాయాలి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం కాలం రాయకపోతే 5 ఏళ్ళు అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. లైసెన్సుకీ ఇదే వర్తిస్తుంది. మ్యూజియంకి కూడా ఇది ఇబ్బందే. 5 ఏళ్ళ తర్వాత వాళ్ళ క్యాటలాగులో ఫొటో వేసుకోవడానికి మళ్ళీ మీ అందరి వెనకా తిరగాల్సి వస్తుంది.

ఎప్పటికీ ప్రదర్శనలో ఉంచాలనే షరతు మాత్రం వద్దు. 57వ సెక్షన్ మీ పేరు చెప్పుకునే హక్కును, పనిని చెడగొడితే అడిగే హక్కును కాపాడుతుంది, హక్కులు అమ్మేసినా ఇది పోదు. కానీ ప్రదర్శించకపోవడం, లేదా మీకు నచ్చినట్టు ప్రదర్శించకపోవడం ఉల్లంఘన కాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. ధ్వంసం చేస్తే మాత్రం వేరే సంగతి. విజ్ఞాన్ భవన్ కుడ్యశిల్పం కేసులో, శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కి అనుకూలంగా 2005లో ఢిల్లీ హైకోర్టు 5 లక్షల పరిహారం ఇప్పించి, మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగి అప్పగించమంది. ఆయన శిల్పం ప్రభుత్వానిదే, హక్కు మాత్రం ఆయనది.

పన్ను మినహాయింపు గురించి ఎవరైనా ఆశపెడితే నమ్మకండి. 80జీ అని పిలిచే దానాల ఆదాయపు పన్ను మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చినదానికే, వస్తువుకి వర్తించదు.


కొరాపుట్_పడుగు:

కోట్‌పాడ్ గుడ్డ గురించి ఒక మాట, పైన ఎవరూ అనలేదు. ఆ నాలుగు చదరాల్లో నలుపు, ముదురు గోధుమ పోగులు ఉన్నాయా? అక్కడి నేతవాళ్ళు మిర్గాన్‌లు ఎరుపు, గోధుమ రంగులకి ఆల్ చెట్టు వేరు బెరడు వాడతారు, నూలుకి ముందు ఆముదం, పేడ, బూడిద పట్టిస్తారు. నలుపు కోసం ఇనుప ఉప్పు కలుపుతారు. అందమంతా ఆ నలుపులోనే ఉంది, చేటూ అందులోనే ఉంది. ఇనుము నూలు పోగును లోపల నుంచి తినేస్తుంది. పాత గుడ్డల్లో చూడండి, ఎరుపు చెక్కుచెదరకుండా ఉంటుంది, పక్కనే నల్ల గీత పొడిపొడిగా రాలిపోయి పడుగు మాత్రం మిగిలి ఉంటుంది. వెలుతురు, చెమ్మ దాన్ని తొందర చేస్తాయి. కాబట్టి బరువు ఆ చదరాల మీద పడకుండా వేలాడదీయాలి, కోట్‌పాడ్ చదరాలు పై వరసలో ఉంటే వెనక నుంచి ఆధారం ఇవ్వాలి. ఎక్కడ ఉన్నాయి?

రెండోది పేర్ల సంగతి. దీన్ని గట్టిగానే చెప్తున్నాను. కోట్‌పాడ్ నేతకి 2005లో జీఐ (ఒక ప్రాంతపు సరుకు పేరుకి ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, ఒడిశాకి అదే మొదటిది. పిప్లి అప్లిక్‌కి ఉంది, బరంపురం పట్టుకి ఉంది. కపడాగండాకి 2024 జనవరిలో వచ్చింది, సవర బొమ్మలకీ అప్పుడే. మీ కపడాగండా చదరాలు డొంగ్రియా చేతుల్లోంచే వచ్చాయి కాబట్టి ఆ పేరు రాయొచ్చు, ఆ ఇద్దరి పేర్లూ, ఊళ్ళూ రాయాలి. "డొంగ్రియా మహిళ" అని ఊరుకుంటే కుదరదు. సవర తరహా ఆరు చదరాలు ఎవరు కుట్టారు? పర్లాకిమిడిలో ఉండే వేరే కులంవాళ్ళు కుట్టి ఉంటే "లాంజియా సవర కళ" అని రాయకూడదు. "సవర గోడబొమ్మల నుంచి తీసుకున్న రూపాలు, కుట్టినది ఫలానా" అని రాయాలి. ఆ గోడబొమ్మలు అలంకారానికి వేసినవి కావు, ఇంట్లో పూజ కోసం వేస్తారు. ఏ గోడ చూసి తీశారో, ఎవరి అనుమతితోనో రాయగలిగితే రాయండి. అప్లిక్ పదింటినీ "పిప్లి" అనకండి, "పిప్లి తరహా" అనండి. ఇవి దాచిపెట్టి పంపితే పదేళ్ళకి ఎవరో పరిశోధకుడు తప్పు పట్టుకుంటాడు, పాపం అప్పుడు మ్యూజియం లేబుల్ మార్చుకోవాలి.


బరంపురం_బొంత:

అప్పా, మీరు అడిగిన కోట్‌పాడ్ నాలుగూ పై నుంచి రెండో వరసలో ఉన్నాయి, వరస మొత్తం అదే. సవర తరహావి పర్లాకిమిడి వాళ్ళు ముగ్గురు కుట్టారు, సవరలు కాదు. మీరు చెప్పినట్టే రాస్తాం. మాస్టారు గారూ, డొంగ్రియా వాళ్ళ రసీదు లేదు, రాయిస్తాం. వేలాడదీయడానికి పైన నాలుగు కొక్కేలు పెడితే సరిపోతుందని ఒకాయన అన్నారు. అలా చేయొచ్చా? పొందూరు ఖద్దరు వెనక వేశాం కదా, అది బరువు మోస్తుందా?


టెక్కలి_కుట్టు:

కొక్కేలు వద్దు. 6 కేజీలూ నాలుగు చోట్ల పడతాయి, మధ్యలో గుడ్డ తోరణంలా వంగి కొక్కెం దగ్గర చిరుగుతుంది. ఇనుప కొక్కెమైతే తుప్పు కూడా అదనం.

పొందూరు సన్న ఖద్దరు వెనక వేయడం బాగానే ఉంది చూడ్డానికి, వాలుగ చేప దవడతో ఏకిన నూలుకి ఉండే ఆ నునుపు ఇంకెక్కడా రాదు. కానీ అది పలచన, బరువు మోయడానికి పనికిరాదు. విప్పనక్కర్లేదు. పైన కోట్‌పాడ్ వరస దాటేదాకా, అంటే పై అంచు నుంచి 9 + 15 + 15, మొత్తం 39 అంగుళాలు, వెనక మధ్యరకం మందం గాడా ఖద్దరు ఒక పొర అదనంగా వేయండి. వేసేముందు ఆ గుడ్డని వేడినీళ్ళలో రెండు మూడుసార్లు ఉతికి గంజి పూర్తిగా తీసేయండి, అప్పుడే కుంచించుకోవాల్సినదంతా కుంచించుకుంటుంది. నీలిమందు, కంఫర్ట్ లాంటివి వేయొద్దు.

ఆ పొరను బొంతకి పట్టించడానికి అడుగు దూరంలో నిలువు గీతలుగా కుట్టు వేయండి. పెద్ద పెద్ద టాకాలు కాదు. అంగుళానికి ఒక చిన్న కుట్టు, వెనక పొర, దూది దాటి ముందు గుడ్డ పోగుల్ని రెండు మూడింటిని పట్టుకునేలా. వెనక రెండు పొరలనే పట్టుకుంటే బరువంతా ముందు గుడ్డే మోస్తుంది, చేసిన పని దండగ. దారం బిగించకండి. కోట్‌పాడ్ నలుపు మీద సూది దించకుండా ఎరుపు లేదా తెలుపులోంచి తీయండి.

వేలాడదీయడానికి వెల్క్రో బాగుంటుంది. 2 అంగుళాల వెల్క్రో తీసుకుని, మెత్తటి వైపుని 3 అంగుళాల వెడల్పు నూలు నవారు మీద మెషీన్‌తో కుట్టండి. ఆ నవారుని బొంత పై అంచు పొడవునా చేతితో కుట్టండి. గరుకు వైపు మ్యూజియం వాళ్ళు చెక్క పట్టీకి స్టేపుల్ చేసుకుంటారు. గరుకువైపు ఎప్పుడూ బొంతకి పెట్టకండి, చుట్టినప్పుడు దారాలన్నీ పీకేస్తుంది. వెల్క్రోకి వెనక జిగురు ఉండే రకం వద్దు. లాభం ఏంటంటే గోడకి పెట్టాక ఎక్కడైనా జారితే అక్కడ ఒక్కచోటే పీకి సరిచేయొచ్చు.

మ్యూజియం వాళ్ళు కర్రే కావాలంటే, అది దూర్చడానికి 4 అంగుళాల గుడ్డ గొట్టం కుట్టండి. గొట్టం వెనక భాగంలో అర అంగుళం గుడ్డ వదులు ఉంచాలి. లేకపోతే కర్ర మందం ముందుకి ఉబ్బి పైన అడ్డంగా గీత పడుతుంది.


వస్త్రభద్రం:

టెక్కలి గారు చెప్పిందానికి ఒక్కటి కలుపుతాను. అదనపు పొర, వెల్క్రో, అద్దాల కుట్టు, ఇవన్నీ ఫొటోలు తీశాక చేయండి. ఇప్పుడున్న స్థితి ఒకటి, మీరు చేసిన మార్పు ఒకటి, రెండూ రికార్డులో ఉండాలి.

ఫొటోలు: మొత్తం ముందు, మొత్తం వెనక, నాలుగు మూలలు, 24 చదరాలు విడివిడిగా. ప్రతి ఫొటోలో కొలబద్ద, వరస సంఖ్య రాసిన చీటీ ఉండాలి. పై ఎడమ నుంచి 1 మొదలుపెట్టి అడ్డంగా లెక్కపెట్టండి. అప్పుడు కోట్‌పాడ్‌వి 5, 6, 7, 8 అవుతాయి. చదరం చదరానికీ ఒక లైను: కుట్టినవాళ్ళ పేరు, ఊరు, గుడ్డ ఎక్కడిది, రంగు సహజమా బజారుదా, దారం నూలా పట్టా పాలిస్టరా, ఏ కుట్టు, ఏమైనా లోపం ఉంటే అది. అప్లిక్ కింద అట్ట, బక్రం లాంటివి పెట్టారా అనేది చాలామంది మరిచిపోతారు, బయటికి కనబడవు కదా. అట్ట ఉంటే చెమ్మకి పుల్లబడి గుడ్డను పసుపు చేస్తుంది.

బొంత మీద పెన్నుతో ఏమీ రాయకండి, పిన్ను, స్టేపుల్, స్టిక్కరు వద్దు. వెనక కింద కుడి మూల చిన్న నూలు పట్టీ ముక్క రెండు మూడు కుట్లతో కుట్టి పెట్టండి, దాని మీద నంబరు మ్యూజియం వాళ్ళు రాసుకుంటారు.

చుట్టడం: మడత పెట్టకండి. బట్టల షాపు అట్టగొట్టాలు సన్నం, మీ బొంత మందానికి కనీసం 6 అంగుళాల వ్యాసం కావాలి. కార్పెట్ల షాపులో అడగండి. పొడవు 7 అడుగులు, రెండు పక్కలా అర అడుగు మిగలాలి. పీవీసీ పైపు వాడకండి, దాన్నుంచి వచ్చే ఆవిరి గుడ్డకి మంచిది కాదు. అట్టగొట్టం కూడా ఆమ్లమే. దాని మీద ముందు వంటింటి అల్యూమినియం రేకు చుట్టి, పైన ఉతికిన మల్లు గుడ్డ రెండు చుట్లు వేయండి. బొంతను బొమ్మల వైపు బయటికి ఉండేలా చుట్టాలి. లోపలికి చుడితే ముందు గుడ్డ నలుగుతుంది, గవ్వలు గుచ్చుకుంటాయి. చుట్టుకీ చుట్టుకీ మధ్య మల్లు గుడ్డ, గవ్వల అంచుల దగ్గర ఉతికిన దూది పరుపు ముక్కలు. అంగుళం వెడల్పు నూలు పట్టీతో మూడు చోట్ల వదులుగా కట్టండి. రబ్బరు బ్యాండు అసలు వద్దు, రబ్బరులో గంధకం ఉంటుంది, పట్టు చదరాల జరీ నల్లబడుతుంది. న్యూస్‌పేపరు కూడా ఆ పక్కకి రానివ్వకండి.

పైన చుట్టే పాలిథిన్ ప్రయాణం వరకే. దిగగానే విప్పేయాలి. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పట్టే అవకాశం మొదలవుతుంది, మన తీరంలో వానాకాలం ఆ గీత దిగదు. వీలుంటే పని అంతా డిసెంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి.


గంజాం_గూడ్స్:

బరంపురం నుంచి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, ఎన్‌హెచ్ 16 మీద. రైలు పార్సిల్‌లో వేయకండి. 7 అడుగుల గొట్టం నిలబెట్టి తోసేస్తారు, కింది చివర మీదే మొత్తం బరువు. మూసిన బండిలో, గొట్టం రెండు చివరలూ చెక్క ముక్కల మీద ఆనేలా, బొంత నేలకి తగలకుండా పెట్టాలి. బొంత ఆ చెక్కల మధ్య వేలాడుతూ ఉండాలి. పక్కన ఏమీ ఆనకూడదు. పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నం ఎండలో బండి ఆపి భోజనానికి దిగితే లోపల పాలిథిన్‌లో ఆవిరి పడుతుంది.

దారి బీమా గురించి ముందే తేల్చుకోండి. విలువ ఎంతని రాస్తారో దానపత్రంలోనూ అదే ఉండాలి, లేకపోతే క్లెయిమ్ దగ్గర గొడవ. మ్యూజియంలో దింపగానే అప్పగింత రసీదు తీసుకోండి, అందులో "దానం కోసం పరిశీలనకు" అని ఉంటే అది ఇంకా స్వీకారం కాదు. స్వీకార పత్రం, యాక్సెషన్ నంబరు (మ్యూజియం తన సేకరణ రిజిస్టరులో ఇచ్చే సంఖ్య) వచ్చేదాకా బొంత మీదే.


బరంపురం_బొంత:

మాస్టారు గారూ, ఒకటి మిగిలింది. కమిటీ వద్దంటే? లేదా తీసుకున్నాక 20 ఏళ్ళకి చోటు లేదని తీసేస్తే?


కాగితాల_మాస్టారు:

వద్దంటే వద్దనే, రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఎక్కువసార్లు కారణం చోటు, లేదా అలాంటిది ఇప్పటికే ఉండడం. వివరాల ఫైలు అలాగే ఉంటుంది కాబట్టి ఇంకోచోట అడగొచ్చు. భువనేశ్వర్‌లోనే చేనేత, హస్తకళల శాఖ కింద కళాభూమి ఉంది, ఒడిశా స్టేట్ ట్రైబల్ మ్యూజియం ఉంది. కొరాపుట్ జగన్నాథ గుడి ఆవరణలో ట్రైబల్ మ్యూజియం ఉంది. ఢిల్లీ ప్రగతి మైదాన్ దగ్గర నేషనల్ క్రాఫ్ట్స్ మ్యూజియం ఉంది. ఒకేసారి ఇద్దరికి రాయకండి, ఇద్దరూ ఒప్పుకుంటే మాట పోతుంది.

తీసేసే సంగతికి షరతుగా కాకుండా విన్నపంగా ఒక వాక్యం రాయించండి: "సేకరణ నుంచి తొలగించదలిస్తే ముందు మరో ప్రభుత్వ మ్యూజియంకు, తర్వాత దాతలకు లేదా వారి వారసులకు ఇవ్వజూపవలెను." దీన్ని చాలా మ్యూజియంలు ఒప్పుకుంటాయి. దాంతోపాటు 14 మంది పేర్లూ, చిరునామాలూ, ఇంకో మనిషి ఫోను నంబరుతో సహా ఒక జాబితా జతచేసి, అది మారినప్పుడల్లా మ్యూజియంకి ఉత్తరం రాయండి. పేర్లు ఒడియా, తెలుగు, ఇంగ్లీషు అక్షరాల్లో మూడు విధాలా రాయండి, ఆధార్‌లో ఉన్న స్పెల్లింగే ఇంగ్లీషులో పెట్టండి. లేబుల్ మీద పేరు ఎలా రావాలో ఒక్కొక్కరినీ విడిగా అడగండి. కొందరు ఇంటిపేరు వద్దంటారు, కొందరు అసలు పేరే వద్దంటారు. వద్దన్నవాళ్ళ పేరు ఫైల్లో ఉంటుంది, గోడ మీద ఉండదు, అది కూడా దానపత్రంలో రాయాలి.